ఘనం చెయ్యమన్న దీపం

సీసాను అంచుదాకా నింపాలి. అంచుదాకా అంటే, మూత బిగించేటప్పుడు నాలుగు చుక్కలు బయటికి పొర్లి వేళ్లు తడవాలి. లోపల శనగగింజంత గాలి మిగిలినా కుమారస్వామి ఆ సీసాను పక్కకు పెట్టి మళ్లీ మొదలుపెడతాడు. గాలి తగిలితే ఈ బ్యాక్టీరియాకు రంగు తిరగదు. వెలుగు కావాలి, గాలి వద్దు. ఇదేం తిక్క ప్రాణమో అని పనిలో చేరిన కొత్తలో నవ్వుకునేవాడు. ఇప్పుడు వాటి తిక్కకు అలవాటుపడి, ఇంట్లో కోమల తిక్కతో పోలిస్తే ఇదెంత అని సరిపెట్టుకుంటున్నాడు.

ఆ సోమవారం పొద్దున సీసాలు నింపుతూ మధ్యమధ్య నెత్తి మీద చెయ్యి వేసుకుంటున్నాడు. జుట్టు వెనక్కి తోసుకోవడం పాత అలవాటు. తోసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. నిన్ననే కొండగట్టు అంజన్నకు తలనీలాలు ఇచ్చి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ హనుమండ్లు చూసి ఊరుకుంటాడా?

"ఏం కాకా, గుండు మస్తు మెరుస్తుంది. రాత్రి కరెంటు పోతె నిన్ను తెచ్చి గేటు కాడ నిలబెడ్త" అన్నాడు.

"నిలబెట్టు. నీ మొకమన్న కనవడ్తది జనాలకు" అని నవ్వుతూ లోపలికి వచ్చాడు.

ఆ మొక్కు కోమలది. పోయినేడు ఏజెన్సీవాళ్లు పాతవాళ్లను తీసేస్తున్నారని తెలిసినప్పుడు, "మా ఆయన కొలువు నిలవడితె నెత్తి ఇప్పిస్త అంజన్నా" అని దేవుడి పటం ముందు నిలబడి మొక్కింది. కొలువు నిలబడింది. మొక్కింది ఆమె, జుట్టు పోయింది ఈయనది. జయంతికి దీక్షాపరులతో గుట్టంతా కాషాయమై ఉంటే, ఆ తోపులాటలో రెండు రోజులుండి మొక్కు చెల్లించి వచ్చారు. పదేళ్లకు పైగా చేస్తున్న ఉద్యోగంలో అతను సెలవు పెట్టడం అదే మొదటిసారి.

కరీంనగర్ ఊరు దాటాక, బైపాసు అవతల ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో కుమారస్వామి తెలియనివాళ్లు లేరు, తెలిసినవాళ్లూ లేరు. పొట్టి మనిషి, యాభై దాటాయి. కళ్లు ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటాయి. ఎండలో నిలబడితే నీళ్లు కారతాయి. వయసొచ్చినప్పటి నుంచి చీకటి గదుల్లోనే పనిచేసినవాడి కళ్లు అవి. మొదట టవర్ సర్కిల్ దగ్గర ఫొటో స్టూడియోలో ఫిలిం కడిగేవాడు. ఊళ్లో సగంమంది పెళ్లిళ్లు అతని చేతుల మీదుగా మందునీళ్లలో తేలాయి. డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ స్టూడియో జిరాక్సు దుకాణమయ్యాక కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాడు. అప్పుడే ఈ కేంద్రంలో చీకట్లో తడుముకోకుండా పనిచేసే మనిషి కావాలని ఎవరో చెప్పారు. వచ్చి చేరాడు.

అంతకుముందు సంగతి గోదావరిఖనిది. కంపెనీ క్వార్టర్లలో పుట్టాడు. బాపు ఎల్లేశం బొగ్గు బాయిలో దిగేవాడు. రెండో షిఫ్టు వారమైతే పిల్లలు బాపు ముఖం చూసేది దీపం వెలుతురులోనే. బాపు బాయిలో ఉన్నంతసేపూ ఆ ఇంట్లో కొన్ని మాటలు నోట రాకూడదు. దీపం ఆరింది అనకూడదు. ఆర్పు అనకూడదు. అవ్వ కిష్టవ్వ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాట వేరే ఉంది. దీపం ఘనం చెయ్యి అనాలి. గాలికి అదే పోతే ఘనమైంది అనాలి. భూమి లోపల టోపీకి దీపం కట్టుకొని తిరిగే మనిషి ఇల్లాలు ఆమె. పైన అన్న మాట కింద తగులుతుందని ఆమె భయం.

ఒకసారి కుమారస్వామి మరిచిపోయి, "అవ్వా, దీపం ఆరింది" అని అరిచాడు. కిష్టవ్వ వచ్చి మూతి మీద కొట్టింది. పెదవి చిట్లింది. ఆ రాత్రి ఎల్లేశం క్షేమంగా ఇంటికొచ్చి, కొడుకు పెదవి చూసి, సంగతి విని, పెళ్లాన్ని నాలుగు తిట్టాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, పని నుంచి దిగిపోయి, పట్టపగలు వాకిట్లో మంచం మీద దగ్గీ దగ్గీ చనిపోయాడు. ఆ చావుకు ఏ దీపంతోనూ సంబంధం లేదు. కుమారస్వామికి ఆ సంగతి తెలుసు. తెలిసినా అతని నోట ఆ మాట మళ్లీ రాలేదు. బాపు కొలువు అన్నకు పోయింది, క్వార్టరు అన్నకు పోయింది, తమ్ముడికి అవ్వ మాట మిగిలింది.

సీసాలన్నీ నింపి, మూతలు తుడిచి, కుమారస్వామి చీకటి గది వైపు నడిచాడు. పొద్దున దీపం పెట్టే వేళ దాకా ఆ తలుపు తీయడు.

ఆ గదిలో రెండు అరలున్నాయి. రెండింటికీ పాతకాలపు వేడి బల్బులు ఉన్నాయి, ఇప్పుడు దుకాణాల్లో వెతికినా దొరకనివి. పై అర దీపం రాత్రీ పగలూ నిండుగా వెలుగుతుంది. కింది అర దీపానికి ఫ్యానుకున్నట్టు రెగ్యులేటరు ఉంది. దాన్ని బాగా తగ్గించి, సీసాల ముందు నల్లగుడ్డ కట్టి, పగలంతా మసక వెలుగు ఇస్తారు, సాయంత్రం అదీ తీసేస్తారు. హుస్నాబాద్ దగ్గరి ఒక చెరువు బురదలోంచి తెచ్చిన ఊదారంగు బ్యాక్టీరియా రెండు అరల్లోనూ ఉంది. నిండు వెలుగులో పెరిగితే అది ఒక రకం ప్రొటీను కట్టుకుంటుంది. మసకలో పెరిగితే, ఉన్న కాస్త వెలుగూ చేజారకుండా పట్టుకోవడానికి, అదే బ్యాక్టీరియా ఇంకో రకం ప్రొటీను కట్టుకుంటుంది. ఆ రెంటి నిర్మాణాన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఎంత తేడా ఉందో పోల్చి చెప్పడమే వందన పరిశోధన.

వందనది ఆదిలాబాద్ జిల్లా బోథ్. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే దిట్ట, సీసాల దగ్గర మాత్రం జంకు. వచ్చిన కొత్తలో అడక్కుండా ఏదో మీట తిప్పి కుమారస్వామితో గట్టిగా చీవాట్లు తిన్నది. "సీసాల విషయంలో కాకా మాటే ఫైనల్" అని ఆమె గైడు శ్రీహరి సారు కూడా చెప్పాడు. అప్పటి నుంచీ అతను చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఒకరోజు అతన్ని పిలిచి, విదేశాల్లో ఎవరో తీసిన ప్రొటీను బొమ్మ కంప్యూటర్‌లో చూపించింది. గుండ్రంగా, ఒకదానిలో ఒకటి రెండు వలయాలు.

"బాంగ్డీల లెక్కనే ఉన్నయ్ కద కాకా?"

"అవు, అచ్చం గాజులే. ఎవ్వలు తొడుక్కుంటరు బిడ్డా గివి?"

"ఎవ్వలు తొడుక్కోరు. ఎండను పట్టుకుంటయ్."

అతను ఇంటికెళ్లి కోమలకు ఆ సంగతి చెప్తే, ఆమె బీడీలు చుట్టడం ఆపకుండానే "ఎండను పట్టుకుంటె మనకు ఆకు ఎట్ల ఎండాలె?" అన్నది.

పై అర సీసాల్లోంచి ప్రొటీను తీయడం ఎప్పుడో అయిపోయింది, ఫ్రీజరులో ఉంది. ఇక మిగిలింది కింది అర. వారాల తరబడి మసకలో పెంచిన సీసాలు. ఈ రోజు వాటిలోంచి ప్రొటీను తీసి, ఎల్లుండికి హైదరాబాద్‌లో పెద్ద ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర ఉండాలి. ఆ యంత్రం దగ్గర తేదీ దొరకడమంటే మాటలు కాదు. ఈ తేదీ తప్పితే మళ్లీ వానాకాలం దాటాకే, అప్పటికి వందన ఫెలోషిప్ గడువు ముగిసిపోతుంది.

కుమారస్వామి గుమ్మం పక్కన చెప్పులు విడిచి తలుపు తీశాడు. లోపలి నుంచి సెగ ముఖానికి కొట్టింది.

కింది అర దీపం భగ్గున వెలుగుతున్నది. నల్లగుడ్డ వేడికి కమిలి ముడుచుకుపోయి ఒక పక్కకు జారి ఉంది. శనివారం పొద్దున అతను దీపం పెట్టి వెళ్లినప్పుడు అల్లనేరేడు పండు రంగులో ఉన్న సీసాలు, బీట్‌రూటు కడిగిన నీళ్లలా వెలిసిపోయి ఉన్నాయి. అతను ముందు రెగ్యులేటరు పట్టుకున్నాడు. అది చివరిదాకా తిప్పి ఉంది. వెనక్కి తిప్పాడు. ఒక సీసాను ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయటికి తొంగిచూసి పిలిచాడు.

"వందనా! వందనా, జర ఇటు రా బిడ్డా!"

అతను ఆమెను పేరు పెట్టి పిలవడం అరుదు. ఆమె పరుగున వచ్చింది.

"కింది అర దీపం గిట్లెందుకున్నది?"

"నువ్వే కద కాకా చెప్పినవ్. శనివారం ఫోన్‌ల."

"ఏం చెప్పిన?"

"పొద్దుమీకంగ కింది అర దీపం ఘనం చెయ్యమన్నవ్. ఘనమా అని మళ్ల అడిగిన. 'ఆ, ఘనం చెయ్యి, మర్వకు' అన్నవ్. నాకు డౌటే వచ్చింది. ఆఖర్ల ఒక రెండు రోజులు వెలుగు ఇయ్యాల్నేమో, కాకకు ఎర్కే కద అనుకున్న. మొత్తం తిప్పిన."

కుమారస్వామికి గుట్ట మీద డప్పులు, జై శ్రీరాం కేకలు, ఒక చెవి మూసుకుని తను ఫోనులో అరవడం గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా సాయంత్రాలు ఆ దీపం తనే తీసేవాడు. ఆ పని ఇంకొకరికి చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ అవసరం వచ్చిన మొదటి రోజునే నోటికొచ్చింది అవ్వ మాట.

"ఘనం అంటే పెంచుడు కాదు బిడ్డా. బంద్ చేసుడు."

ఆమె రెగ్యులేటరు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"బంద్ చేసుడా? మరి బంద్ చెయ్యమని ఎందుకనలే కాకా?"

"దీపాన్ని బంద్ అంటరా? ఫ్యాన్‌ను అంటరు, దుకాణాన్ని అంటరు. దీపాన్ని గట్ల అనద్దు. ఘనం చెయ్యాలె అంటరు. మా అవ్వ అంటుండె."

వందన ఎత్తుపీట మీద కూలబడింది. వెలిసిపోయిన సీసాల వంక చూస్తూ రెండు చేతులతో నోరు మూసుకుంది. కుమారస్వామికి ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. గుడ్డ సరిచేస్తున్నట్టు అటు తిరిగాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మా ఆయి కూడ గట్లనే కాకా. గాజు పగిలితె పగిలిందనది. బాంగ్డీ వాఢవ్లీ అంటది. వాఢవ్లీ అంటె పెరిగింది అని."

"గదే! గదే బిడ్డా!" అని గిరుక్కున తిరిగాడు. "మావోల్లు గూడ పుస్తె తెగితె పెరిగిందంటరు. చెడ్డ మాట అనద్దని. ఉల్టా అంటరు."

"ఆ. ఉల్టా అంటరు."

అంత నష్టంలోనూ అతనికి ప్రాణం లేచి వచ్చింది. తన మాట అర్థమయ్యే మనిషి ఒకరున్నారు. వందన కళ్లు తుడుచుకుని లేచింది.

"సార్‌కు నేను చెప్త కాకా. మాటల తేడా వచ్చిందని చెప్త. నువ్ పరేషాన్ కాకు."

ఆమె వెళ్లాక అతను సీసాలు ఒక్కొక్కటీ దించి గుడ్డతో తుడిచాడు. బతికే ఉన్నాయి అవి. నిండు వెలుగులో హాయిగా పెరిగి, మసక కోసం కట్టుకున్నదంతా విప్పేసుకున్నాయి. మళ్లీ మసకలో పెడితే మళ్లీ కట్టుకుంటాయి, కానీ దానికి వారాలు కావాలి. ఎల్లుండికి కావు. ఇంతలో జేబులో ఫోను మోగింది. కోమల.

"నెత్తికి ఏమన్న రాసుకున్నవా? ఎండకు పొక్కులొస్తయ్."

"రాసుకున్న."

"జూట. కొబ్బరినూనె సీస గీడనే ఉంది."

"వచ్చినంక రాసుకుంట తియ్" అన్నాడు. సీసాల సంగతి చెప్పలేదు. సాయంత్రానికల్లా సర్దుకుంటుంది, వందన చెప్తుంది కదా అనుకున్నాడు. ఆ నమ్మకంతోనే మధ్యాహ్నం దాకా పనిచేశాడు. తిన్న బాక్సు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. కొత్త నల్లగుడ్డ కత్తిరించి కట్టాడు.

వందన వచ్చి తలుపు దగ్గరే నిలబడి పిలిచింది. "కాకా, సార్ పిలుస్తుండు." ఆమె గొంతు మామూలుగా లేదు. అతను సంచి భుజాన వేసుకొని ఉన్నపళంగా వెంట నడిచాడు.

శ్రీహరి సారు చెడ్డవాడు కాడు. పోయినేడు ఏజెన్సీ జాబితాలో కుమారస్వామి పేరు కొట్టేస్తే ఫోను చేసి మళ్లీ రాయించింది ఆయనే. కోమల మొక్కులో సగం ఆయనకు చెందాల్సింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, కరీంనగర్ ఎండలను తిట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ మధ్యాహ్నం ఆయన ముఖం వాడిపోయి ఉంది. అప్పటికే హైదరాబాద్‌కు ఫోను చేసి, అవతలివాళ్లతో మాటలు పడ్డాడు. గదిలో ఏసీ చల్లగా ఉంది, గచ్చు ఇంకా చల్లగా ఉంది. కుమారస్వామి ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. వందన గోడ పక్కన నిలబడింది.

"కుమారస్వామీ, కింది అర లైటు పెంచమని నువ్వు చెప్పావా?"

"పెంచమనలే సార్. ఘనం చెయ్యమన్న."

"అదే కదా నేనడిగేది. అంటే నువ్వే చెప్పావు."

"ఘనం చెయ్యమన్న సార్. ఘనం అంటే పెంచుడు కాదు. బంద్ చేసుడు."

శ్రీహరి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వినా బాగుండేది, నవ్వలేదు.

"ఘనం అంటే ఆర్పడమా? ఎవరంటారయ్యా అలా?"

ఆర్పడం అన్న మాట వినగానే కుమారస్వామి తల కొద్దిగా అడ్డంగా ఊగింది.

"మా ఇంట్ల సార్. మా అవ్వ గట్లనే అంటుండె. దీపాన్ని ఇంకోతీరు అనద్దని..."

"మీ అమ్మగారి మాట నేను పైవాళ్లకు ఎలా రాయను? చెప్పు." ఆయన గొంతు పెంచలేదు. వందన వైపు తిరిగాడు. "చూడమ్మా, దాచకుండా చెప్తున్నాను. సిబ్బంది పొరపాటు అంటే మైక్రోస్కోపు వాళ్లను ఇంకో తేదీ అడగొచ్చు, నీ గడువు పెంచమని కమిటీకి రాయొచ్చు. నీ పొరపాటు అని తేలితే నేనేమీ చేయలేను. మాట తేడా వల్ల జరిగిందంటే, తెలియకపోతే ఎందుకు అడగలేదని నిన్నే అంటారు. అందుకే అడుగుతున్నా. ఇలా ఉల్టా మాట్లాడే పద్ధతి ఒకటుందని నువ్వెప్పుడైనా విన్నావా? ఘనం అంటే ఆర్పడం అని?"

కుమారస్వామి ఆశగా వందన వైపు చూశాడు. గాజు సంగతి చెప్పు బిడ్డా, అన్నట్టు చూశాడు. నాలుగు మాటలు. మా ఇంట్లో కూడా ఇలాగే అంటారు సార్ అంటే చాలు. ఆ తర్వాత ఏమైనా కానీ, తను పిచ్చి మాట మాట్లాడలేదని ఒకరైనా చెప్పినట్టవుతుంది.

వందన గచ్చు వంక చూస్తూ ఉంది. బోథ్‌లో ఇల్లు, పత్తి చేను, ఇన్నేళ్ల చదువు, ఈ వానాకాలంలో ముగిసిపోయే గడువు, ఏది ఆమె కళ్ల ముందు తిరిగిందో ఆమెకే తెలియాలి.

"లే సార్. నేనెన్నడు విన్లే."

చూడబోతే అది అబద్ధం కూడా కాదు. ఘనం అన్న మాట ఆమె శనివారం దాకా నిజంగానే వినలేదు. విన్నది వాఢవ్లీ అన్న మాట. ఆ సందు దొరికింది కాబట్టే ఆమె నోరు పెగిలింది.

కుమారస్వామికి ఒళ్లంతా మండింది. జూట మాట్లాడుతవా అని అడుగుదామని నోరు తెరిచాడు. పొద్దున పీట మీద కూర్చుని ఏడ్చిన పిల్ల ముఖం ఎదురుగా ఉంది. మాట కూడబలుక్కునే లోపల శ్రీహరి మాట్లాడేశాడు.

"ఏజెన్సీకి నేను చెప్తాను. రేపటి నుంచి రావద్దులే కుమారస్వామీ. నీ మీద కోపం లేదు నాకు. కానీ ఏదో ఒకటి రాయాలి కదా."

"మంచిది సార్."

ఆ మంచిది అన్నందుకు ఇంటికి చేరేదాకా తనను తాను తిట్టుకునే ఉంటాడు. ఆ క్షణంలో మాత్రం అదే వచ్చింది. పెద్దవాళ్లు ఏం చెప్పినా మంచిది అనడం బాపు నుంచి వచ్చిన అలవాటు. నడుముకు కట్టుకున్న తాళపుచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"సార్, పై అర దీపం ఎవ్వలు చూస్తరు?"

"వందన చూసుకుంటుంది."

"కిందిది మాపటికి..." అన్నాడు వందన వైపు తిరిగి. అక్కడ ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. ఏ మాట పెట్టాలో తెలియలేదు. నోటికి వచ్చే మాట ఒక్కటే, అది అనడానికి లేదు.

"మాపటికి ఏంటి?" అన్నాడు శ్రీహరి.

"ఏం లేదు సార్."

వందన అతనికన్నా ముందే గదిలోంచి బయటపడి, గబగబా నడిచి, వరండా చివరన చీకటి గది తలుపు పక్కనే ఉన్న తన బల్ల దగ్గర కూర్చుంది. కంప్యూటర్ తెరిచి ఏదో చూస్తున్నట్టు వంగింది. తెర మీద ఆ వలయాల బొమ్మ ఉంది. ఆమె దాన్ని చూడటం లేదు, చెవులు వెనక్కి పెట్టి ఉంది. కాకా ఇటు రాక తప్పదు. వచ్చి ఏమంటాడో. తిడతాడు. తిడితే బాగుండునని కూడా అనుకుంది. కాళ్ల మీద పడదామా అనుకుంది. ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేదు.

నిజానికి కుమారస్వామి వరండా సగం దాకా వచ్చాడు. ఉత్త కాళ్ల నడక కాబట్టి ఆమెకు వినిపించలేదు. చీకటి గది తలుపు పక్కనే వంగి కూర్చున్న ఆమె వీపు కనిపించింది, మెడ మీద వదులైన జడ కనిపించింది. అక్కడిదాకా పోతే ఆమె తల ఎత్తాలి. తను ఆమె ముఖం చూడాలి, ఆమె తన ముఖం చూడాలి. అతను వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు.

గేటు దగ్గర హనుమండ్లు కేక వినిపించినప్పుడు వందన తల ఎత్తింది.

"గిట్లెటు పోతున్నవ్ కాకా, గింత ఎండల? గా కాళ్లేంది?"

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. కాంపౌండు గోడ పక్కన బెత్తెడు నీడ ఉంది. కుమారస్వామి ఆ నీడలోనే గోడను రాసుకుంటూ నడుస్తున్నాడు. గోడ అయిపోయాక రోడ్డు వచ్చింది, రోడ్డు మీద నీడ లేదు. వేసవి మధ్యాహ్నపు తారు మెత్తబడి ఉంది. అతను అంచున ఉన్న మట్టిలోకి దిగి, రెండడుగులు వేగంగా వేసి, కాలు ఎత్తి, మళ్లీ వేగంగా నడిచాడు. గొరిగిన తల మీద సంచి అడ్డం పెట్టుకున్నాడు. వందన కిటికీ చువ్వ పట్టుకుంది. కేక వేస్తే వినపడే దూరమే. కాకా అని పిలవవచ్చు, పరుగెత్తవచ్చు, సారు గదిలోకి పోయి గాజు సంగతి చెప్పవచ్చు. చువ్వ పట్టుకునే నిలబడింది. అతను బైపాసు మలుపు దగ్గర లారీల వెనక కనిపించకుండా పోయాడు.

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. బల్ల మీదివన్నీ సర్దేసి, కంప్యూటర్ మూసేసి, కింద క్యాంటీన్‌కు పోయి కూర్చుంది. తను అక్కడ లేకపోతే అతను వెనక్కి వచ్చి తీసుకుంటాడని ఆశ. టీ చల్లారిపోయింది, ఇంకొకటి తెప్పించుకుంది, అదీ చల్లారింది. క్యాంటీన్‌వాళ్లు కుర్చీలు బల్లల మీదికి ఎత్తుతుంటే లేచింది. గేటు దాకా నడిచి హనుమండ్లును అడిగింది. కాకా మళ్లీ రాలేదన్నాడు.

పొద్దు వాలింది. వరండాలో ఎవరూ లేరు. చీకటి గది తలుపు కింద సందులోంచి దీపాల వెలుగు సన్నగా గచ్చు మీద పడుతున్నది. కింది అర దీపం తీసే వేళ దాటిపోయింది. వందన తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

గుమ్మం పక్కన గోడకు ఆనించి అతని చెప్పులు ఉన్నాయి, రెండూ లోపలి వైపే తిరిగి, కుడిదానికి తెగిన వారును ఎర్ర కరెంటు తీగతో ఎవరో ఓపిగ్గా కుట్టి ఉన్నారు.